విశాఖ మొగ నుంచి చిలికా మొగ దాకా

తిమింగలాలూ డాల్ఫిన్లూ నీటిలో బతుకుతున్నా చేపలు కావు. అవి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి, పిల్లలను కని పాలు ఇస్తాయి. అందువల్ల ప్రాణిశాస్త్రం వాటిని క్షీరదాలలో చేర్చి, అన్నింటినీ కలిపి సెటేషియా, అంటే తిమింగల వర్గం అని వ్యవహరిస్తుంది. వాటిని వేటాడకుండా కేవలం చూడటానికి సముద్రంలోకి వెళ్లే ప్రయాణం రుసుము గల వృత్తిగా 1955లో మొదలైందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఆ ఏడాది అమెరికాలోని శాన్ డియేగోలో చక్ చాంబర్లిన్ అనే జాలరి మనిషికి ఒక డాలరు తీసుకుని, వలసపోతున్న బూడిదరంగు తిమింగలాలను పడవ మీద నుంచి చూపించాడు. టికెట్టును బట్టి లెక్క కడితే ఈ చరిత్ర అక్కడే మొదలవుతుంది. అయితే చూపించేవాడికి ఉండవలసిన జ్ఞానాన్ని, అంటే ఏ ప్రాణి ఏ నీటిలో ఏ వేళ తేలుతుందో దూరం నుంచే గుర్తుపట్టి చెప్పగల నేర్పును, ఈ వృత్తికి మూలధనంగా భావిస్తే, తెలుగువారి తీరంలో దాని చరిత్ర అంతకంటే చాలా పాతదని అంగీకరించవలసి ఉంటుంది. ఆ జ్ఞానం జాలరులది. దానిని కాగితం మీదికి ఎక్కించినవారు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు.

ఈ నమోదులో మొదటి మజిలీ చేపలది. 1780లలో విశాఖపట్నంలో ఉండి, కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, అక్కడి రేవులో దొరికిన చేపలను బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి, 1803లో రెండు సంపుటాలుగా లండన్‌లో ప్రచురించాడు. రెండు వందల చేపలున్న ఆ గ్రంథానికి శాస్త్ర చరిత్రలో ఎంత విలువ ఉందో తెలుగు సాంఘిక చరిత్రలోనూ అంతే విలువ ఉంది. రస్సెల్ చేపలను జాలరులు పిలిచే పేర్లతోనే రోమన్ లిపిలో నమోదు చేశాడు. తరువాతి తరాల ఐరోపా శాస్త్రజ్ఞులు కొన్ని జాతులకు పేర్లు పెట్టేటప్పుడు ఆ పుస్తకంలోని మాటలనే లాటిన్ వరసలో వాడుకున్నారు. 1839లో ముల్లర్, హెన్లే అనే జర్మన్ శాస్త్రజ్ఞులు వర్ణించిన ఒక సొరచేప ఇవాళ్టికీ కార్కారినస్ సొర్రా అనే శాస్త్రనామంతోనే చెలామణి అవుతూ ఉండటం, కోరమాండల్ రేవుల మాట ప్రపంచ ప్రాణిశాస్త్రంలో స్థిరపడిన తీరుకు నిదర్శనం.

రెండవ మజిలీ నేరుగా తిమింగల వర్గానికి సంబంధించినది, ఈ చరిత్రలో అన్నిటికంటే సంపన్నమైనది. స్కాట్లాండుకు చెందిన వాల్టర్ ఇలియట్ (1803–1887) మద్రాసు రాష్ట్ర సివిలు ఉద్యోగి. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉండి, వాల్తేరులో నివసించాడు. అమరావతి స్తూప శిల్పాలను 1845లో తవ్వించినవాడిగా తెలుగు పాఠకులకు అతడు పరిచితుడే. ఇక్కడ ఎక్కువగా గుర్తుంచుకోవలసినది మాత్రం 1859లో మద్రాసులో అచ్చయిన అతని 'ఫ్లోరా ఆంధ్రికా'. ఉత్తర సర్కారుల్లోని తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లను, వాటికి సరిపోయే శాస్త్రనామాలను జతపరిచిన జాబితా అది. స్థానికుల పేర్లను వివరంగా సేకరించటం ఒక పద్ధతిగా పాటించిన మనిషి కనుకనే, సముద్రం ఒడ్డుకు వచ్చిన ప్రాణుల విషయంలోనూ అతడు అదే పని చేశాడు: రేవులో పట్టుబడిన, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల పుర్రెలు దాచి, బొమ్మలు వేయించి, కొలతలు రాయించి, జాలరులు వాటిని ఏమని పిలుస్తారో అడిగి నమోదు చేయించాడు.

ఈ సామగ్రి అంతా లండన్‌లో రిచర్డ్ ఓవెన్ చేతికి చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో ప్రకృతి శాస్త్ర విభాగాలకు పెద్దగా ఉన్న ఓవెన్, డైనోసార్ అనే మాటను సృష్టించిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. ఇలియట్ సేకరించిన భారతీయ తిమింగల వర్గాన్ని గురించి అతడు రాసిన వ్యాసం 1866లో లండన్ జంతుశాస్త్ర సంఘం వారి సంపుటిలో వెలువడింది. అందులో కొత్తవిగా వర్ణించిన జాతులలో రెండు ఈనాటికీ ఓవెన్ పెట్టిన జాతినామాలతోనే నిలిచి ఉన్నాయి. మొదటిది 1852లో విశాఖపట్నం రేవు నీటిలో దొరికిన, ముక్కు పొడుచుకురాని, గుండ్రటి తల గల చిన్న డాల్ఫిన్. దాని నేటి శాస్త్రనామం ఆర్కెల్లా బ్రెవిరోస్ట్రిస్. రెండవది వాల్తేరు దగ్గర దొరికిన మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం. దాని నేటి శాస్త్రనామం కోగియా సైమా. ఒక జాతిని మొదటిసారి వర్ణించటానికి ఆధారమైన నమూనా ఎక్కడ దొరికిందో ఆ చోటును శాస్త్రజ్ఞులు ఆదర్శ స్థలం అంటారు. ప్రపంచంలో ఎక్కడ ఈ రెండు జాతుల్లో దేనిని గురించి సందేహం వచ్చినా, శాస్త్రం మొదట చూడవలసిన ఆదర్శ స్థలం విశాఖపట్నం తీరమే. ఈ గౌరవానికి ఆ నగరంలో ఒక శిలాఫలకమైనా యోగ్యమే.

ఓవెన్ వ్యాసంలోనూ, దానిని అనుసరించి తరువాత వచ్చిన భారతీయ క్షీరద గ్రంథాల్లోనూ తెలుగు పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒక డాల్ఫిన్‌కు జాలరులు చెప్పిన గడము అనే పేరునే ఓవెన్ జాతినామంగా స్వీకరించి డెల్ఫినస్ గడము అన్నాడు. నేటి శాస్త్రజ్ఞులు దానిని ఇండో పసిఫిక్ బాటిల్‌నోస్ డాల్ఫిన్‌లో కలిపేశారు. ఒంటి మీద మచ్చలు గల మరొక దానికి జాలరులు బొల్ల గడిమి అన్నారు, ఓవెన్ దానికి మచ్చలు గలది అనే అర్థంలోనే లాటిన్ పేరు పెట్టాడు. పొట్ట మీద చుక్కలున్న దానికి సువ్వ అనీ, మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలానికి వొంగ అనీ వేరు వేరు పేర్లు నమోదయ్యాయి. వీటిలో గమనించవలసింది ఒకే ఒక్క విషయం: దూరం నుంచి చూసేవారికి అన్నీ ఒకటిగానే తోచే ఈ ప్రాణులను జాలరులు జాతుల వారీగా విడదీసి గుర్తించారు. మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కథ దీనిని మరింత బలంగా చూపుతుంది. శాంతంగా ఉన్న నీటి మీద కదలకుండా తేలియాడుతూ, పడవ దగ్గరికి రాగానే మునిగిపోయే ఈ ప్రాణి బతికి ఉండగా కనిపించటం చాలా అరుదు. శాస్త్రలోకమే దానిని దాని బంధువైన పిగ్మీ స్పెర్మ్ తిమింగలంతో కలిపి వంద సంవత్సరాల పాటు ఒకే జాతిగా లెక్కించి, 1966లో గానీ మళ్లీ స్పష్టంగా విడదీయలేదు. అంత అరుదైన ప్రాణికి రేవులో ఒక ప్రత్యేకమైన పేరు ఉండటం, తరతరాలుగా నిలిచిన శ్రద్ధకు సాక్ష్యం. శాస్త్రనామాల్లో ఆ పేరు చెప్పినవారి ఊసు ఎక్కడా మిగలలేదు. ఇలియట్‌కూ ఓవెన్‌కూ దక్కిన కీర్తిలో జాలరిపేటల వాటా ఎంతో ఇప్పటికైనా చెప్పటం న్యాయం.

జాలరులు ఇతరులను సముద్రంలోకి తీసుకువెళ్లే వృత్తి కూడా ఈ తీరంలో పాతదే. విశాఖపట్నంలో లోతైన హార్బరు 1933లో ప్రారంభమయ్యేదాకా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసేవి. భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల పరిస్థితీ అంతే. ఒడ్డుకూ ఓడకూ మధ్య విరిగిపడే కెరటాల వరసను దాటించగలిగినది ముఖ్యంగా మసూలా పడవే. మేకులు లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసే ఈ పడవ కెరటం దెబ్బకు పగిలిపోకుండా వంగి నిలదొక్కుకుంటుంది. దానితో పాటు దుంగలను కట్టి చేసే తెప్పలు ఉండేవి. పడవకు పెద్దగా ఉండే తండేలు మాట మీద తెడ్లు వేసేవారు, కెరటాల మధ్య ఖాళీని కనిపెట్టి, ప్రయాణికులనూ సరుకునూ ఓడ చేర్చేవారు. రంగూను వెళ్లే కూలీలు, వర్తకులు, బర్మాలో కోరంగీలు అని పిలవబడిన తెలుగువారిలో వేలాదిమంది, మొదట జాలరుల చేతుల మీదుగానే సముద్రంలో అడుగుపెట్టారు. పరాయివాడి ప్రాణానికి తన నేర్పును పూచీగా పెట్టటం అనే ఈ అలవాటును పర్యాటక చరిత్రలు రాసేవారు పెద్దగా పట్టించుకోరు. అయినా తీరప్రాంత ప్రయాణానికి పునాది అదే.

హార్బర్లు వచ్చి మసూలా పడవల పని తగ్గినా, ఆ నేర్పు పూర్తిగా మాయం కాలేదు. ఒడిశాలోని పూరీ సముద్రతీరాన పెంఠకట అనే పెద్ద మత్స్యకార వాడలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే వాడబలిజలు. శ్రీకాకుళం, గంజాం తీరాల నుంచి పైకి వలసపోయినవారి సంతతి. ఒడియా సమాజం వారిని నోలియాలు అంటుంది. 1890ల చివరిలో పూరీకి రైలు వచ్చి, జగన్నాథ దర్శనానికి వచ్చే యాత్రికులతో పాటు కలకత్తా నుంచి గాలి మార్పు కోసం వచ్చేవారూ పెరిగినప్పుడు, సముద్ర స్నానానికి భయపడేవారి చెయ్యి పట్టుకుని కెరటాలు దాటించటం, మునిగిపోతున్నవారిని పైకి లాగటం నోలియాలకు వేట కాకుండా మరో జీవనోపాధి అయింది. శంఖువు ఆకారంలో ఉండే తెల్లటి టోపీ వారి గుర్తు. బెంగాలీ యాత్రా రచనల్లోనూ పాత ఛాయాచిత్రాల్లోనూ పూరీ అనగానే ఆ టోపీ కనిపిస్తుంది. మత్స్యకార సంఘమే సముద్ర పర్యటనను నడిపిన తొలి ఉదాహరణలలో ఒకటిగా దీనిని లెక్కించటం అతిశయోక్తి కాదు.

పూరీకి నైరుతి దిక్కున కొద్ది దూరంలోనే చిలికా ఉంది. మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఈ ఉప్పుటేరు సరస్సు వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100కు మించి విస్తరించి, ఒక సన్నటి ఇసుక దిబ్బ చేత బంగాళాఖాతం నుంచి వేరు చేయబడి, మొగ ద్వారా, అంటే సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ద్వారా, పోటుపాట్లను అందుకుంటుంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా దాని దక్షిణ భాగం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. దాని చుట్టూ ఉన్న కేవుట, కండరా, తియర వంటి ఒడియా మత్స్యకార కులాలతో పాటు మొగ వైపు తెలుగు మూలాలు గల నోలియాలు కూడా జీవిస్తున్నారు. విశాఖలో 1852లో దొరికిన గుండ్రటి తల డాల్ఫిన్ స్థిరంగా నివసించే భారతీయ జలాల్లో ముఖ్యమైనది చిలికా. బర్మా ఐరావతి నదిలో దొరికిన వాటిని జాన్ ఆండర్సన్ 1870లలో వేరే జాతిగా వర్ణించటంతో, తరువాత రెండూ ఒకటే అని తేలినా, లోకవ్యవహారంలో దానికి ఐరావతి డాల్ఫిన్ అనే పేరే స్థిరపడింది. ఆండర్సన్ అక్కడి జాలరుల గురించి రాసిన ఒక సంగతి ఈ చరిత్రకు ఎంతో అవసరం: డాల్ఫిన్లు చేపలను వలల వైపు తోలుతాయని వారు నమ్మేవారు, ఒక్కొక్క ఊరికి తనదంటూ ఒక డాల్ఫిన్ ఉండేది, పక్క ఊరివారి వల నింపిన డాల్ఫిన్ విషయంలో తగవులు న్యాయస్థానానికి కూడా ఎక్కేవి.

చిలికా డాల్ఫిన్లను చూపించే పడవల వృత్తి సరస్సు కష్టకాలంలోంచి పుట్టింది. 1981లో రామ్‌సర్ ఒడంబడిక కింద, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రక్షణ ఒప్పందం కింద, భారతదేశం నుంచి మొదట చేరిన రెండు స్థలాల్లో చిలికా ఒకటి. కానీ ఎగువ నుంచి వచ్చే ఒండ్రు పేరుకుని మొగ పూడుకుపోవటంతో ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయి, 1993లో ముప్పులో ఉన్న స్థలాల జాబితాకు ఎక్కింది. అదే కాలంలో రొయ్యల చెరువుల కోసం బయటివారు సరస్సు అంచులను ఆక్రమించటం మత్స్యకారులకు మరింత ప్రాణాంతకమైంది. 1990ల ప్రారంభంలో ఒక పెద్ద కంపెనీ రొయ్యల ప్రాజెక్టుకు వ్యతిరేకంగా వారు నడిపిన ఉద్యమం, 1996లో చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగును నిషేధించిన సుప్రీంకోర్టు తీర్పు, 1999 మేలో సోరనా గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు మత్స్యకారుల మరణం, ఇవన్నీ ఒకే చరిత్రలోని ఘట్టాలు. పర్యాటక కరపత్రాలు ఈ ఘట్టాలను దాటవేస్తాయి. కానీ సరస్సు మీద హక్కు ఎవరిది అనే ప్రశ్నకు ప్రాణాలు పెట్టి సమాధానం చెప్పినవారి వారసులే ఇవాళ పడవ నడుపుతున్నారన్నది తెలియకపోతే, ఆ పడవ ఎక్కినవాడికి చిలికా సగమే కనిపిస్తుంది.

మలుపు 2000 సెప్టెంబరులో వచ్చింది. 1991లో ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ, శాస్త్రజ్ఞుల సలహాతో సరస్సు ఒడ్డునున్న సాతపడ సమీపంలో ఇసుక దిబ్బను కోసి కొత్త మొగ తెరిచింది. ఉప్పునీరు తిరిగి లోపలికి వచ్చింది. 1990ల చివరలో ఏడాదికి సుమారు 1,700 టన్నులకు దిగజారిన చేపల రాబడి, రెండేళ్లు తిరగకుండానే దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా ముప్పు జాబితా నుంచి బయటపడింది, ఆ సంస్థకు రామ్‌సర్ పురస్కారమూ దక్కింది. సాతపడ దగ్గర మొగ కాలువలోనే డాల్ఫిన్లు ఎక్కువగా తిరుగుతాయి. ఇటీవలి గణనల్లో వాటి సంఖ్య సుమారు 150 దగ్గర ఉంటోంది. ఈ డాల్ఫిన్ గాలిలోకి ఎగిరి గంతులు వేసేది కాదు. నుదురూ వీపూ ఒక్క క్షణం కనబరిచి, చప్పుడు లేకుండా మునిగిపోతుంది. దానిని ఎక్కడ వెతకాలో, ఎంతసేపు ఓపిక పట్టాలో తెలిసిన కన్ను ఆ కాలువలో వల వేసి పెరిగినవాడిది మాత్రమే. సాతపడలోని పడవల సంఘాలు ఛార్జీలను నిర్ణయించి, ఒకరి తరువాత ఒకరికి వరసగా బేరం వచ్చేటట్టు చూస్తాయి. ఈ వరస పద్ధతి వల్లనే పెట్టుబడి ఉన్న ఒకరిద్దరి చేతుల్లోకి వ్యాపారం పోకుండా, ఆదాయం ఊళ్లలో పంచుకోబడుతోంది.

ఈ వృత్తిలో ఉన్న దోషాన్ని దాచటం వల్ల దానికి మేలు జరగదు. పొడవాటి కడ్డీ చివర పంఖా ఉండే మోటారు పడవలు డాల్ఫిన్లకు గాయాలు చేస్తాయి; మోటార్ల మోత కూడా ఇబ్బందే. నీటిలో శబ్దమే డాల్ఫిన్లకు చూపు, ఎందుకంటే అవి తాము పంపిన ధ్వని ప్రతిధ్వనించటాన్ని బట్టి దారినీ ఆహారాన్నీ తెలుసుకుంటాయి. ఇరుకైన కాలువలో పడవలు గుంపుగా చుట్టుముడితే, అవి శ్వాసకు పైకి రావలసిన చోటే వాటికి ఇబ్బంది. వల తాళ్లలో చిక్కి మరణించటం ఇంకొక ప్రమాదం. దూరం పాటించాలి, వేగం తగ్గించాలి, మందను చుట్టుముట్టకూడదు అనే నియమాలను చిలికా అభివృద్ధి సంస్థ పెట్టి, పడవవారికి శిక్షణ ఇస్తోంది. ఇవి ఎంతవరకు అమలవుతాయన్నది పడవ నడిపేవాడి కంటే, డాల్ఫిన్ ముట్టుకునేంత దగ్గరగా కనిపించాలని పట్టుబట్టే పర్యాటకుడి మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐరావతి డాల్ఫిన్‌ను ఆపదలో ఉన్న జాతిగా ప్రకటించిన తరువాత, ఒక్క గాయం కూడా చిన్నది కాదు.

ఇతర తీరాల అనుభవం కూడా ఈ దిశలోనే ఉంది. న్యూజిలాండులోని కైకౌరాలో మావోరీ కుటుంబాలు 1987లో తమ ఇళ్లను తాకట్టు పెట్టి తిమింగల వీక్షణ సంస్థను ప్రారంభించాయి. ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ సమీపాన పామిలాకాన్ ద్వీపవాసులు తరతరాలుగా తిమింగలాలను వేటాడినవారు. 1990లలో వేట నిషేధం వచ్చాక, జంతువు ఎక్కడ తేలుతుందో తెలిసిన వేటగాడి కన్నునే వీక్షణకు పెట్టుబడిగా మార్చుకున్నారు. బర్మాలో మండలేకు ఎగువన ఐరావతి నదిని 2005లో డాల్ఫిన్ల రక్షిత ప్రాంతంగా ప్రకటించిన తరువాత, ఆండర్సన్ వర్ణించిన సహకార వేటను ప్రదర్శించి చూపటం అక్కడి జాలరులకు ఆదాయమైంది. మూడు చోట్లా పెట్టుబడికి ముందే జ్ఞానం ఊరి చేతిలో ఉంది.

ఆంధ్ర తీరంలో తిమింగల వర్గాన్ని చూపించే వ్యవస్థీకృత పడవ ప్రయాణం వేళ్లూనుకోలేదు. ఒడ్డుకు వచ్చిన జంతువుల వార్తలే జనానికి పరిచయం. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి కొట్టుకొచ్చిన భారీ తిమింగలం కళేబరాన్ని చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల వారు బారులు తీరారు. 2022 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో వలలో చిక్కిన తిమింగల సొరను (ఇది క్షీరదం కాదు, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప) మత్స్యకారులూ అటవీశాఖ సిబ్బందీ కలిసి తిరిగి లోతు నీటిలోకి పంపారు. ఇలా చిక్కిన సొరను వదిలిపెట్టటానికి వల కోయవలసి వస్తే ఆ నష్టానికి గుజరాత్‌లో అటవీశాఖ పరిహారం ఇస్తుంది. వేటను వదులుకోమని చెప్పేవారు వల ఖరీదును కూడా లెక్కలోకి తీసుకోవటం సమంజసమైన పద్ధతి. అయితే స్థానికులు పర్యాటకులను పడవల్లో తిప్పటం ఇక్కడ లేకపోలేదు: గోదావరి మొగ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడ అడవుల మధ్య పడవ నడిపేవారూ దారి చూపేవారూ చుట్టుపక్కల ఊళ్ల వారే. విశాఖ జాలరిపేటల్లో తీరంలో కనిపించే గడముల గురించి వయసు మళ్లిన తండేళ్లు ఇప్పటికీ చెప్పగలిగినదంతా ఇలియట్ పద్ధతిలోనే, ఈసారి చెప్పినవారి పేర్లతో సహా, తెలుగులోనే నమోదు చేయించటం తీరప్రాంత విశ్వవిద్యాలయాలు వెంటనే చేపట్టదగిన పని. వీక్షణ పడవలు ఎప్పుడు వచ్చినా, వాటికి మొదటి దారిపటం ఆ నమోదే అవుతుంది.